పట్టుకున్నవాడే పేరు చెప్పాలి

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. మిగతావాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మావయ్య విశ్వేశ్వరరావు గారి కోచింగ్ సెంటర్ ఆదివారం మధ్యాహ్నం అంటుకుంది. వాచ్‌మన్ భిక్షపతి ఒళ్ళు కాలి, తెలివి లేకుండా ఆస్పత్రిలో పడి ఉన్నాడు. నిప్పు పెట్టినవాళ్ళు మొహాలకి రుమాళ్ళు కట్టుకుని వెనక సందులోంచి వచ్చారు. వాళ్ళలో ఒకడి ఒంటి మీద ఆకుపచ్చ గళ్ళ చొక్కా ఉంది. ఆ చొక్కా ఆ సెంటర్లోనే లెక్కలు చెప్పిన మా స్నేహితుడు ఆనంద్ కుమార్‌ది. సందుకి ఇవతల మా వంటింటి కిటికీలోంచి అది చూసింది నేనొక్కదాన్నే. చూసి ఊరుకున్నానా? అమ్మతో అన్నాను. అమ్మ వాళ్ళ అన్నయ్యతో అంది. తెల్లారేసరికి ఆనంద్ పేరు మీద ఫిర్యాదు పడింది.

పోలీసులు వెళ్ళేసరికి ఆనంద్ ఇంట్లో లేడు, వాళ్ళ నాన్న సుందరయ్య ఉన్నాడు. కొడుకు వచ్చేదాకా నువ్వుండు అని ఆ పెద్దాయన్ని తీసుకెళ్ళి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇవాళ సాయంత్రం మావయ్య వచ్చి నన్ను అక్కడికే తీసుకెళ్తాడు. నేను చూసింది ఆనంద్‌నే అని సంతకం పెడితే ఇక అతని బతుకు అయిపోయినట్టే. చొక్కా చూశాను గానీ మొహం చూశానా? లేదు. మరి ఏమని చెప్పాలి?

అందుకని ఆట పెట్టాను. నవ్వకండి, అదొక్కటే తోచింది నాకు.

మా ఆట సంగతి కొత్తవాళ్ళకి కాస్త చెప్పాలి. ఇందులో పాములూ నిచ్చెనలూ ఉండవు. నేను కథ నడుపుతాను. ఇదిగో కోట, ఇదిగో గుమ్మం, లోపల ఏదో చప్పుడైంది, ఏం చేస్తారు అని అడుగుతాను. మిగతావాళ్ళకి కథలో తలా ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి ఏం చేస్తాడో వాళ్ళు చెప్తారు. చేసింది కుదిరిందో లేదో సంచిలోంచి తీసిన హౌసీ బిళ్ళ తేలుస్తుంది. పెద్ద అంకె వస్తే కుదిరినట్టు, చిన్నదొస్తే బోల్తా. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఓ ఇంగ్లీషు పుస్తకం చూసి డిగ్రీలో ఉండగా నేర్చుకున్నాం. అందులో రాసిన ఇరవై మొహాల పాచిక మాకెక్కడ దొరుకుతుంది? బిళ్ళలతో సరిపెట్టుకున్నాం. మన మనుషులకి క్యారమ్ కాయిన్లు, శత్రువులకి చింతపిక్కలు.

శత్రువులంటే నింజాలు. జపాన్ గూఢచారులు, నల్లబట్టలు, మొహానికి గుడ్డ. మొదట్లో నేను వాళ్ళని గుంపులు గుంపులుగా దింపేదాన్ని. వాళ్ళు గోడ దూకడం, మా బావ వంశీ కత్తికి రాలిపోవడం. కొన్నాళ్ళకి అందరికీ విసుగొచ్చింది, తప్పు నాదేనని నాకూ తెలిసింది. గుంపుగా వచ్చి కనబడిపోయేవాడు నింజా ఎలా అవుతాడు? నింజా అంటే అంతకుముందే మన ఇంట్లో తిరిగి వెళ్ళినవాడు. కూరలమ్మడానికి వచ్చినవాడు, గుర్రానికి గడ్డి వేసినవాడు. ముసుగు కట్టుకోవడం చివరి పని. అందుకని రెండు రూళ్ళు పెట్టాను. నింజాలు బయటికి కనబడరు, బోర్లించిన స్టీలు గ్లాసుల కింద ఉంటారు, కొన్ని గ్లాసులు ఖాళీవి. ఇక రెండో రూలు అసలైంది. నింజాని ఎవరు పట్టుకుంటే వాళ్ళే ముసుగు తీసి, అతనెవరో పేరు చెప్పాలి. అది అప్పటికే కథలో ఉన్న మనిషి పేరై ఉండాలి. దారినపోయే దానయ్య అంటే ఒప్పుకోను. ఈ రూలు వచ్చాక మా ఆటలో చంపడాలు బాగా తగ్గాయి.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఎవరి మనిషి చస్తే వాళ్ళు తర్వాతి ఆటలో శత్రువుల తరఫున ఆడాలి. మూల కూర్చుని బఠాణీలు నమలడం కంటే నయం కదా. పోయిన ఆటలో చచ్చింది ఆనంద్ మనిషి. అంటే ఇవాళ నింజాలు ఆనంద్‌వి.

మా మేడ మీద రేకుల గదిలో ఆ మధ్యాహ్నం నలుగురం చేరాం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్సుల్లేవు, కరెంటు ఉంటే ఉంది లేకపోతే లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు అంత చప్పుడు లేకుండా ఉండటం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు. ఆనంద్, అతని చెల్లెలు హెప్సిబా ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చారు. మెయిన్ రోడ్డు మీద పోలీసులున్నారని కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులు పట్టారట, హెప్సిబా చెప్పుకి బత్తాయి తొక్క అంటుకుని ఉంది. అమ్మ కంట పడకుండా వెనక మెట్ల మీద నుంచి ఎక్కించాను. మావయ్య కొడుకు వంశీకృష్ణ వనస్థలిపురం నుంచి బండి మీద వచ్చాడు. ఆ ఉక్కలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా గుండీలు. పెళ్ళిచూపులకి వచ్చావా బావా అన్నాను. మామూలుగా అయితే దానికి తిరుగు జోకేయకుండా ఊరుకోడు. ఇవాళ నవ్వను కూడా లేదు.

ఆనంద్, వంశీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సమ్మె మొదలయ్యాక ఆనంద్, మా మావయ్య సెంటర్లో లెక్కలు చెప్పడం మానేసి ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. మావయ్యేమో ముందువైపు షట్టర్ దించేసి, వెనక సందులోంచి పిల్లల్ని పంపించి, లోపల గుట్టుగా క్లాసులు నడుపుతున్నాడు. ఆ గుట్టు సందంతా ఎరిగిన గుట్టే. దాని మీద ఆనంద్‌కీ మావయ్యకీ మాటలు పడ్డాయి. ఆ తర్వాత ఈ మంట.

ఆనంద్ కూర్చోలేదు. నిలబడే అన్నాడు.

"సింధు, మా నాయిన నిన్న పొద్దుగాల్నుంచి ఠాణాల కూసున్నడు. నువ్వు ఆటకు రమ్మన్నవని హెప్సి చెప్తె నేను నమ్మలే. ఏంది గిది?"

హెప్సిబా మెల్లగా చెప్పింది, నాకు కాదు, నేలకి చెప్తున్నట్టు. వాళ్ళ నాన్నకి షుగర్. గోలీలు తీసుకెళ్తే లోపలికి పంపలేదు. అన్నం డబ్బా మాత్రం తీసుకున్నారు, తిన్నాడో లేదో తెలీదు. డిపోలో ఇన్నేళ్ళు మెకానిక్‌గా చేసి ఎవరితో ఒక మాట అనిపించుకోని మనిషి.

వంశీ తలెత్తాడు. సుందరయ్య గారిని పట్టుకెళ్ళారా అని అడిగాడు. అతనికి ఆ సంగతి తెలీదు. మళ్ళీ తలదించుకున్నాడు.

ఒక్క ఆట ఆడమన్నాను ఆనంద్‌ని. అదయ్యాక సాయంత్రం నేనేం చెప్పాలో నాకే తెలుస్తుందన్నాను. ఆ మాటతో అతను నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. అయినా కూర్చున్నాడు.

నేను పాత క్యాలెండర్ వెనక గీసిన కోటని నేల మీద పరిచాను. ముందు పెద్ద గేటు, పక్కన మెట్లు, వరసగా గదులు, వెనక గుర్రాల సాల, దాని తలుపు తెరిస్తే సందు, సందులో బావి. ముందు గేటు దగ్గర కావలివాడని ఒక తెల్ల కాయిన్ పెట్టాను. ఆనంద్ దాని వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెట్ల కింద నేను గీసిన చిన్న గుండ్రటి దాని మీద వేలు పెట్టాడు.

"నీళ్ళ డ్రమ్ము గూడ మర్చిపోలే నువ్వు. గిది మీ మామ సెంటర్. గుర్రాల సాలంటె జనరేటర్ రూము. బాయంటె పంపు." వేలు తీయకుండానే అన్నాడు. "కాలవెట్టినోళ్ళు ఏ దారిన వచ్చిండ్రో నాకు తెల్సా లేదా అని చూస్తున్నవు. నేను నింజాల్ని ఎట్ల నడిపిస్తనో చూసి నన్ను దొంగ అందామని."

నేను లేదనలేదు.

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. హెప్సిబా అతని చెయ్యి పట్టుకుంది. ఆనంద్ గ్లాసులు తన వైపు లాక్కున్నాడు. బయట ఎట్లాగూ మమ్మల్నే శత్రువులన్నారు, ఇక్కడ కూడా అవుదాం, ఏం పోయింది అన్నాడు. ఆ మాట వంశీకి తగలాలనే అన్నాడు, తగిలింది.

మీకు ఇంకొక సంగతి చెప్పాలి. ఆదివారం నేను చూసింది చొక్కా ఒక్కటే కాదు. మంట లేచాక ముసుగులవాళ్ళు సందులోకి పరిగెత్తారు. ఆకుపచ్చ గళ్ళ చొక్కా అతను సగం దూరం పోయి ఆగాడు. వెనక్కి తిరిగి మళ్ళీ జనరేటర్ గదిలోకి దూరాడు. కాసేపటికి భిక్షపతిని భుజాన వేసుకుని వచ్చి పంపు దగ్గర పడుకోబెట్టాడు. నాకు వీపు పెట్టి కూర్చుని, మొహాన కట్టుకున్న రుమాలు విప్పి, నీళ్ళలో తడిపి అతని మొహం మీద వేశాడు. జనం కేకలు వినబడగానే పారిపోయాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నేను చొక్కా అనగానే అందరూ చొక్కా దగ్గరే ఆగిపోయారు, ఇంకేం చూశావమ్మా అని నన్ను అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. భిక్షపతి ముందు గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడని, మంట ఆర్పబోయి కాలి పంపు దగ్గరికి తనే పరిగెత్తాడని మావయ్య రాసిచ్చాడు. పేపర్లోనూ అలాగే వచ్చింది. లోపల ఉన్నాడన్న సంగతి నాకు తెలుసు, మోసుకొచ్చినవాడికి తెలుసు. అంతే.

ఆట మొదలైంది. కోట సేనాని వంశీ, వైద్యురాలు హెప్సిబా. నీ నింజాలు ఏం పని మీద వచ్చారు అని ఆనంద్‌ని అడిగాను. కోటలోపల దొర బియ్యం దాచాడు, ఊరికి తెలియకుండా గుట్టుగా అమ్ముకుంటున్నాడు, ఆ గుట్టు బయటపెట్టడానికి వచ్చారు, కాల్చడానికి కాదు అన్నాడు. గ్లాసుల్ని సందు వైపు నుంచి జరుపుతూ వచ్చి గోడ దగ్గర ఆపాడు. సాల తలుపు ముట్టుకోలేదు. గోడెక్కి, గదుల పైకప్పు మీద నుంచి దిగుతామన్నాడు. బిళ్ళ తీశాడు, కుదిరింది. నిప్పు పెట్టినవాళ్ళు ఆ తలుపులోంచే దూరారని నిజంగానే తెలియక అలా వెళ్ళాడా, నేను చూస్తున్నానని కావాలని తప్పించాడా? నా పరీక్ష సంగతి అతనికి తెలిసిపోయాక ఇక ఆ పరీక్షకి విలువేముంది? నా తెలివి మండిపోను అనుకున్నాను.

అయినా ఆపలేదు. ఒక నింజా చేతిలోంచి కాగడా జారి సాలలో గడ్డి మీద పడిందన్నాను. ఆనంద్‌ని బిళ్ళ తీయమన్నాను. చిన్న అంకె. మంట లేచిందన్నాను, ఏం చేస్తారు మీవాళ్ళు?

ఆనంద్ ఆలోచించలేదు. "ఉరుకుతరు. ఇంకేం జేస్తరు?" అన్నాడు. గ్లాసులన్నీ కలిపి ఒక్క తోపుతో సందులోకి తోసేశాడు.

హెప్సిబా వంతు. ఆమె వైద్యురాలు ముందు గేటు దగ్గరికి వెళ్ళి కావలివాడు ఎలా ఉన్నాడో చూస్తుందట. కావలివాడు కుర్చీలో క్షేమంగా ఉన్నాడని చెప్పాను. ఆనంద్ అటు తలైనా తిప్పలేదు. మంట అంటుకున్న చోట మనిషి ఉన్నాడన్న ఊహే అతనికి లేదు. అది నటనైతే సినిమాల్లో చేరాల్సినవాడు. ఆనంద్ కాదు. సాయంత్రం ఆ మాట గట్టిగా చెప్తాను, మావయ్య ఏమన్నా సరే అనుకున్నాను.

"కాదు."

అన్నది వంశీ. ఇందాకటి నుంచి నోరు మెదపని మనిషి.

"వాడు గేటు దగ్గర లేడు. లోపలున్నాడు. ఒకణ్ణి వెనక్కి పంపు, ఆనంద్."

బావా, కావలివాడు ముందే ఉన్నాడు, కాయిన్ అక్కడే ఉంది చూడు అన్నాను. వంశీ ముందుకి వంగి ఆ తెల్ల కాయిన్ మీద వేలు పెట్టాడు. గేటు దగ్గర నుంచి మెట్ల పక్కగా, గదుల మీదుగా జరుపుకుంటూ తీసుకెళ్ళి గుర్రాల సాలలో పెట్టాడు.

"పడుకుని ఉన్నాడు, గడ్డి మోపుల వెనకాల. తలుపు దగ్గరికి కనబడడు. అందరూ పారిపోతే ఎలా? ఒకడు వెళ్ళాలి కదా."

హెప్సిబాకి ఇంకా ఏమీ అర్థం కాలేదు, మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. ఆనంద్‌కి అర్థమైంది. అతను మెల్లగా ఒక గ్లాసు ఎత్తి, కిందున్న చింతపిక్క తీసి, కాయిన్ పక్కన పెట్టాడు. సరే, ఒకడు వెనక్కి పోయిండు అన్నాడు.

నేను ఇక్కడ ఆపేయాల్సింది. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగిన బావ, నన్ను సైకిల్ మీద స్కూలుకి దింపిన బావ. కానీ స్టేషన్ బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సేనాని సాల దగ్గరికి వచ్చాడు, ఆ నింజాని పట్టుకునే వీలుంది, బిళ్ళ తియ్యమన్నాను వంశీని. అతను సంచిలో చెయ్యి పెట్టాడు. పెద్ద అంకె వచ్చింది.

"దొరికాడు," అన్నాను. "ముసుగు తియ్యి బావా. ఎవరో చెప్పు."

వదిలేద్దాం సింధూ అన్నాడు. వీల్లేదన్నాను, రూలు రూలే. అతను చింతపిక్కని అరచేతిలోకి తీసుకున్నాడు.

"దొర కొడుకు," అన్నాడు.

హెప్సిబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత వంశీయే చెప్పుకొచ్చాడు, ఆపకుండా, ఎవరి వంకా చూడకుండా. షట్టర్ దించేసి లోపల అంతమంది పిల్లల్ని కూర్చోబెట్టడం అతనికి రోజూ భయంగానే ఉంది. ఎప్పుడో ఒకరోజు సమ్మెవాళ్ళు నిజంగానే వచ్చి ఏమైనా చేస్తే పిల్లలు ఎటు పోతారు? తండ్రికి చెప్పి చూశాడు, వినలేదు. అందుకని ఇద్దరు ఇంజినీరింగ్ ఫ్రెండ్స్‌ని పట్టుకుని, పిల్లలుండని ఆదివారం చూసి, సమ్మెవాళ్ళలా ముసుగులు కట్టుకుని వచ్చాడు. నాలుగు అద్దాలు పగలగొట్టి, కాస్త కాగితాలు తగలబెట్టి పొగ పెడితే తండ్రి భయపడి క్లాసులు ఆపేస్తాడనుకున్నాడు. జనరేటర్ కింద డీజిల్ కారి గడప దాకా వచ్చి ఉందని చూసుకోలేదు. ఒంట్లో బాగోక భిక్షపతి లోపల పడుకున్నాడని అసలే తెలీదు.

"మంటలోంచి మూలుగు వినబడింది," అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. కుడిచేతి గుండీ విప్పి చొక్కా పైకి లాగాడు. మోచేతి దాకా బొబ్బలు, వాటి మీద ఏదో తెల్ల మందు.

నాకు ఏడుపొచ్చింది. అతని మీద జాలి వేసింది, లాగి ఒకటి కొట్టాలనీ అనిపించింది. రెండూ నిజమే.

ఆనంద్‌కి జాలి వేయలేదు. వేయాల్సిన పనీ లేదు. స్టాఫ్ రూములో కొక్కేనికి వదిలేసిన తన చొక్కా సంగతి అడిగాడు. తన బట్టలు గుర్తుపడతారేమోనని ముందురోజే అక్కడ చేతికందింది పట్టుకెళ్ళి వేసుకున్నానని, అది ఎవరిదని ఆలోచించలేదని వంశీ చెప్పాడు.

"గదే," అన్నాడు ఆనంద్. గొంతు పెంచలేదు. "నువ్వు సోంచాయించకున్నా నీకేం గాదు. నీ అంగి నీ ఇంట్ల పైలంగ ఉంటది. కాలవెట్టింది మీరు, పేరు మాది. మేము గిన్ని దినాలు రోడ్డు మీద కూసుంటె ఒక్క దుకాణం మీద రాయి వెయ్యలే. గిప్పుడు పేపర్ల మా మొకాలే. మా నాయిన బెంచి మీద. నువ్వేమో గీడ కూసోని గింజలు ఆడుతున్నవ్."

నాన్నకి చెప్పాలంటే భయం వేసింది ఆనంద్ అన్నాడు వంశీ. ఇంత వయసొచ్చి ఆ మాట అనడానికి సిగ్గు కూడా పడలేదు. నిజం చెప్పాలంటే మావయ్యకి భయపడనివాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు?

ఇప్పుడేం చేస్తావని నేను అడగబోతున్నాను. కింద కారు హారన్ వినబడింది. ఆ వెంటనే అమ్మ కేక, సింధూ, మావయ్య వచ్చాడే అని. మెట్ల మీద బూట్ల చప్పుడు అప్పటికే మొదలైంది. మావయ్య ఎప్పుడూ పైకి రాడు, కిందే కూర్చుని పిలిపిస్తాడు. హెప్సిబా అన్న రెక్క పట్టుకుని లాక్కెళ్ళి గది బయట నీళ్ళ ట్యాంకు వెనక్కి తోసి, తనూ నక్కింది. వంశీ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నేను చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఆ ముటముటలాడే మొహం కాదది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నన్ను చూడలేదు. తిన్నగా వంశీ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"భిక్షపతికి తెలివొచ్చిందిరా. మాట్లాడాడు. చిన్నసారే నన్ను మంటలోంచి ఎత్తుకొచ్చి పంపు దగ్గర పడుకోబెట్టాడు, రుమాలు తడిపి మొహం మీద వేశాడు అని అందరి ముందూ చెప్పాడు. డాక్టర్ల ముందు, వాడి పెళ్ళాం ముందు. ఇంత చేసి నాకొక్క ముక్క చెప్పలేదేంట్రా?"

వంశీ రాయిలా ఉండిపోయాడు. మావయ్యకి అది వినయంలా కనబడింది కాబోలు, ఇంకా పొంగిపోయాడు. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. కాలిన చోట నొప్పికి వంశీ మొహం ముడుచుకుంది, అదీ చూశాడు, చొక్కా పైకి లాగి చూశాడు. మంత్రులొచ్చి సన్మానం చేయాల్సిన చెయ్యిరా ఇది అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. అంత దగ్గర ఉన్నవాడివి, ఆ ముసుగువాణ్ణి నువ్వు చూసే ఉంటావు. ఇక సింధు రానక్కర్లేదు, ఆడపిల్లని స్టేషన్ మెట్లెక్కించడం నాకూ ఇష్టం లేదు. కళ్ళారా చూసినవాడివి నువ్వున్నావు. ఎస్సై ఎదురుచూస్తున్నాడు. ఆనంద్ అని ఒక్క మాట చెప్పు, చాలు.

పద అన్నాడు. వంశీ కదల్లేదు.

అప్పుడు ట్యాంకు వెనక నుంచి ఆనంద్ బయటికొచ్చాడు. హెప్సిబా చొక్కా పట్టుకుని లాగుతున్నా విదిలించుకుని వచ్చాడు.

"నేను గీన్నే ఉన్న సార్. నా మొకం జూసి చెప్పమనుండ్రి."

మావయ్య ఒక్క క్షణం బిత్తరపోయాడు. వెంటనే జేబులోంచి ఫోన్ తీశాడు. వీడిక్కడే ఉన్నాడా, నా చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడా అంటూ ఎస్సైకి నంబరు కలిపాడు. అవతల రింగవుతున్న చప్పుడు మాక్కూడా వినబడుతోంది. వంశీ తండ్రి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇక ఊరుకుంటే నేనూ ఆ ముసుగులవాళ్ళలో ఒకదాన్నే అనిపించింది. ఎవరూ అడగని ఆ మాట నేనే చెప్పాను.

"మావయ్యా, భిక్షపతిని మోసుకొచ్చింది ఆకుపచ్చ గళ్ళ చొక్కా అతనే. కిటికీలోంచి నేను చూశాను. ఆ రుమాలు అతను మొహానికి కట్టుకున్నదే. అక్కడ రెండో మనిషి లేడు."

మావయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నా వంక చూశాడు. విసుక్కోబోయాడు, మాట సగంలో ఆగింది. లెక్కలు చెప్పి ఇంత వాడైన మనిషి, ఈ లెక్క తేల్చుకోవడానికి ఎంతసేపు? చూపు నా మీద నుంచి కొడుకు చేతి మీదికి పోయింది, అక్కడి నుంచి మొహం మీదికి. ఇందాకటి పొంగు అంతా ఎటు పోయిందో, ఒక్కసారిగా మా తాతయ్యంత ముసలివాడిలా కనబడ్డాడు. నాకు భయం వేసింది.

వంశీ గుప్పిట విప్పాడు. చింతపిక్క ఇంకా అందులోనే ఉంది. తండ్రి ఖాళీ చేతిలో దాన్ని పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"మీరే పట్టుకున్నారు నాన్నా," అన్నాడు. "పేరు మీరే చెప్పాలి."

ఫోన్‌లో రింగు ఆగింది. కరెంటు లేని ఆ గదిలో ఎస్సై గొంతు మా అందరికీ స్పష్టంగా వినబడింది.

"హలో, రావు గారూ. ఎవరో తెలిసిందా? చెప్పండి సార్, రాసుకుంటున్నాను."